ఇంకో ఇరవై నిమిషాలు

రెండువేల తొమ్మిది ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం, ఉప్పల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర, సెక్యూరిటీ గదిలోని ప్లాస్టిక్ కుర్చీలో కోటు వేసుకుని గంటన్నర కూర్చున్నాను. ఆ రోజు వాళ్ల వార్షికోత్సవం. నవ్వించడానికి నన్ను పిలిచారు. సెక్యూరిటీ అతను మూడోసారి లోపలికి ఫోన్ చేసి, పెట్టేసి, నా మొహం చూడకుండా రిజిస్టరు సర్దుకుంటూ అన్నాడు.

"ప్రోగ్రాం క్యాన్సిలంట సార్. మీకు జెప్పలేదా?"

నాకెవరూ చెప్పలేదు. నేను లేచేసరికి లోపలి నుంచి ఇద్దరు అమ్మాయిలు అట్టపెట్టెలు పట్టుకుని బయటికి వస్తున్నారు. ఒకామె పెట్టెలో కాఫీ కప్పు, చిన్న వినాయకుడు, ఒక జత చెప్పులు ఉన్నాయి. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు మునిగాయని పేపర్లో చదువుతూనే ఉన్నాను. అది ఉప్పల్ దాకా వచ్చిందని ఆ చెప్పులు చూశాకే తెలిసింది.

అప్పటికి నేను నాచారం మందుల కంపెనీలో ప్యాకింగ్ ఉద్యోగం వదిలి రెండేళ్లయింది. కంపెనీల ఫంక్షన్లలో మిమిక్రీ చేస్తూ, జోకులు చెబుతూ, మధ్యమధ్యలో జీవితం గురించి నాలుగు మంచి మాటలు కలుపుతూ బతకొచ్చని నమ్మాను. మొదటి ఏడాది నిజంగానే బతికాను. కార్డు కొట్టించాను. దాని మీద 'దయాకర్, కార్పొరేట్ హ్యూమరిస్ట్, కీనోట్ స్పీకర్' అని ఉంటుంది. ఆదివారాలు హబ్సిగూడలో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకునే క్లబ్బుకి వెళ్లేవాణ్ని. ఆ ఫిబ్రవరి తర్వాత మాత్రం ఫోన్ మోగడం మానేసింది. మార్చిలో మూడు ప్రోగ్రాములు ఒకదాని వెనక ఒకటి పోయాయి. కంపెనీలు ముందుగా ఆపేసుకునేది నవ్వునే.

నా భార్య ఉమ చిలుకానగర్‌లో చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు చెప్పేది. "ఇంకెన్ని రోజులు?" అని ఎప్పుడూ అడగలేదు. పొద్దున్నే నా కోటు ఎండలో ఆరేసి, దులిపి, మళ్లీ లోపల పెట్టేది. అది చూస్తే నాకు అడిగినట్టే ఉండేది.

ఆ రోజుల్లో నా మీద నమ్మకం చెడని మనిషి ఒక్కడే, మా బావ సాంబయ్య. నేను వదిలేసి వచ్చిన ఆ కంపెనీలోనే బాయిలర్ ఆపరేటర్. ఇంటర్ ఫెయిలై ఊళ్లో తిరుగుతున్న నన్ను నల్లగొండ నుంచి బస్సెక్కించి తీసుకొచ్చిందీ, అన్నం పెట్టిందీ, ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనా, మా అక్క దుర్గమ్మా. దసరా ముందు ఆయుధపూజ రోజు నన్ను మొదటిసారి మైకు ముందుకు నెట్టింది కూడా ఆయనే. కొత్త ఐటెం ఏది రాసుకున్నా మల్లాపూర్ పోయే దారిలో ఉన్న వాళ్ల రేకుల ఇంటికి వెళ్లి ముందు ఆయనకు వినిపించేవాణ్ని. బీడీ ఆర్పేసి, తలుపు దగ్గరగా వేసి, బడిలో పిల్లాడిలా కూర్చునేవాడు.

"కీనోట్ స్పీకరంటే ఏంది రా?" అని ఒకసారి అడిగాడు.

"మీటింగుల అందరికన్న ముందు మాట్లాడేటోడు బావా."

"అంటే మైక్ టెస్టింగ్ జేసేటోడా?"

ఆ ముక్క నేను తర్వాత ఎన్నో స్టేజీల మీద వాడుకున్నాను. జనం పడిపడి నవ్వేవాళ్లు. అది ఆయనదని ఎక్కడా చెప్పలేదు.

ఏప్రిల్ మూడో వారంలో నేను వదిలేసిన ఆ మందుల కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది. హెచ్.ఆర్. మేనేజర్ సూర్యకళ గారు రమ్మన్నారు. కోటు వేసుకుని వెళ్లాను. నాచారం గాలిలో ఆ పాత మందుల వాసన ముక్కుకు తగలగానే రుమాలు అడ్డం పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లు పీల్చినవాణ్నే, రెండేళ్లకే పడకుండా పోయింది.

ఆమె నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు.

"ముప్పయ్యో తారీఖున ఒక ఫంక్షన్ పెడుతున్నాం దయాకర్ గారూ. మేడేకి ఒక రోజు ముందు. ఉప్పల్ డిపో దగ్గర ఫంక్షన్ హాలు మాట్లాడాం. వర్కర్లందరికీ భోజనాలు. మీరొక గంట మాట్లాడాలి. టాపిక్ 'మార్పు'."

"చాలా సంతోషం మేడం."

"గ్రూపు డైరెక్టరు గారు బొంబాయి నుంచి వస్తున్నారు. మాకు దేశంలో పదకొండు ప్లాంట్లున్నాయి. ఆయనకు నచ్చితే మీకు అన్ని చోట్లా పని ఉంటుంది." ఇంత చెప్పి ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఉద్యోగాల మీద, జీతాల మీద జోకులు వేయొద్దు. ఎందుకో మీకు చెప్పకపోతే మీరు పొరపాటున వేస్తారు. అందుకే చెబుతున్నాను, ఇది ఈ గది దాటకూడదు. మీ తర్వాత డైరెక్టరు గారు మాట్లాడి కవర్లు ఇస్తారు. నూట నలభై మందికి."

కవర్లు అంటే ఏమిటో నేను అడగలేదు. అడగకుండానే అర్థమైంది.

"నవ్వుతూ ఉన్నప్పుడు చెబితే కొంచెం తేలిగ్గా తీసుకుంటారని పైవాళ్ల ఆలోచన. నాది కాదు," అన్నారామె.

"బాయిలర్ సెక్షన్..." అన్నాను.

ఆమె బల్ల మీది కాగితం వైపు చూడలేదు. దాన్ని మెల్లగా బోర్లా తిప్పారు. "మొత్తం సెక్షన్ అండీ. ఎవరైనా ఉన్నారా మీవాళ్లు?"

"లేరు మేడం," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఉన్నారంటే ప్రోగ్రాం నాకు ఇవ్వరనే అనుకుంటాను.

ఆ సాయంత్రం ఉమకు చెప్పాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి ఆమె నా వైపు తిరిగింది.

"అన్నకు జెప్పినవా?"

"ఇంకా లేదు."

"ఇప్పుడే పోయి చెప్పు. ప్రోగ్రాం పోతే పోయింది."

"ఆదివారం చెప్త. సక్కగ కూసోని చెప్పాలె గద."

"ఆదివారం దాక ఎందుకు?"

ఆమె కాసేపు చూసి మళ్లీ చేట తీసుకుంది.

ఆదివారం పదకొండింటికి వెళ్లాను. బావ బనీను మీద నిలబడి, మంచం మీద దుప్పటి పరిచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. గురువారం ఫంక్షన్‌కి వేసుకునే చొక్కా అది. అంత ముందుగా ఎందుకని అక్క వంటింట్లోంచి ఎగతాళి చేస్తోంది.

"రా రా, కూసో. మూడు షిఫ్టులోళ్లకు జెప్పిన, మా బామ్మర్ది ప్రోగ్రామని. పెద్ద సారు ముంగట గూడ నాచారం వాసన పోవద్దు నీ మాటల్ల, సమజైందా? గా కండక్టరు ఐటెం మర్శిపోకు. ముందల్నే కూసుంట నేను. దుర్గా, వీనికి మటన్ ఎయ్యి."

నేను మంచినీళ్లు తాగాను. ఆయన ఆగలేదు.

"ఇంకో సంగతి సూడు. పదహారేండ్లల ఎన్నడు లేదు, బుధారం రాత్రి షిఫ్టుకే బాయిలర్ సల్లార్పమన్నరు. ఒక్కడు గూడ ఫంక్షన్‌కు రాకుండ ఉండొద్దట. ఇంత మర్యాద మా కంపెనీల ఎన్నడన్న జూసినమా?"

అక్క నవ్వుతూ ప్లేటు తెచ్చి నా ముందు పెట్టింది. బావ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఏందిరా, ఏమన్న చెప్పాలనా?"

"ఏం లేదు బావా. గొంతు బాగలేదు."

"మిరియాల పాలు తాగు. దుర్గా, మిరియాలున్నయా?"

తిన్నాను. పొట్లం కట్టిచ్చిన మిరియాలు జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే ఉమ అడిగింది, "చెప్పినవా?" అని.

"చెప్పిన."

"ఏమన్నడు?"

"చూద్దామన్నడు."

ఆమె నమ్మింది. ఆ మూడు రోజులు నాకు వేడివేడిగా వండిపెట్టింది.

గురువారం పొద్దున పదింటికి కంపెనీ బస్సులు మూడు మనుషుల్ని ఫంక్షన్ హాలు ముందు దింపాయి. కొందరు యూనిఫాంలోనే ఉన్నారు. డ్యూటీకి వచ్చినవాళ్లను అటునుంచి అటే ఎక్కించారట, టిఫిన్ డబ్బాలు లాకర్లలోనే వదిలి వచ్చారు. కూలర్లు తిరుగుతున్నాయి. వెనక వంటవాళ్లు బిర్యానీ దించుతున్న వాసన వస్తోంది. డైరెక్టరు సన్నటి మనిషి, స్టేజి పక్కన సోఫాలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మొదటి వరసలో తెల్ల చొక్కాలో మా బావ.

మైకు ముందుకు వెళ్లేసరికి నాలో భయం పోయింది. అదే నా దరిద్రం, మైకు పట్టుకుంటే నాకు ఇంకేదీ గుర్తుండదు. క్యాంటీన్ సాంబారుతో మొదలుపెట్టాను. దాంట్లో మునక్కాయ ముక్క దొరికినవాణ్ని మేం ఆ నెల బెస్ట్ ఎంప్లాయీగా లెక్కేసేవాళ్లమని చెప్పాను. పాత జనరల్ మేనేజరు తెలుగు మాట్లాడాను. ఫస్టెయిడ్ డబ్బా ఉన్నా, తాళంచెవి పట్టుకుని లీవులో పోయిన సేఫ్టీ ఆఫీసరుని చేశాను. తర్వాత టాపిక్ లోకి వచ్చాను.

"అందరు మార్పు మార్పు అంటరు. చేంజ్ అంటరు. మనకెరుకైన చేంజ్ ఒక్కటే గదన్నా. ఉప్పల్ బస్సుల కండక్టరు టికెట్ ఎనక రాసిస్తడు సూడు, గది. దిగేటప్పుడు తీస్కో అంటడు. దిగేటప్పుడు బస్సాగదు!"

హాలు ఊగిపోయింది. డైరెక్టరుకి పక్కనున్నవాడు హిందీలో చెబితే ఆయన కూడా ఫోన్ కింద పెట్టి నవ్వాడు. గంట ఎలా గడిచిందో తెలియదు. ముగింపు మాటలు ఎత్తుకోబోతుంటే ఆఫీసు అమ్మాయి ఒకతె స్టేజి మెట్లెక్కి వచ్చి మైకు స్టాండు దగ్గర చీటీ పెట్టి వెళ్లింది. సూర్యకళ గారి రాత.

'ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడండి. అక్కడ ఇంకా పూర్తి కాలేదు.'

రెండుసార్లు చదివాను. అక్కడ అంటే ఎక్కడ? మనుషులందరూ ఇక్కడే ఉన్నారు. అక్కడ ఉన్నది చల్లారిన బాయిలర్, ఖాళీ షెడ్లు, గేటు. తల ఎత్తాను. మొదటి వరసలో బావ నా వైపే చూస్తున్నాడు. నేను ఏం మొహం పెట్టానో గానీ, ఆయన ఉన్నట్టుండి చప్పట్లు కొట్టి, నేనింకా ఏమీ అనకముందే గట్టిగా నవ్వాడు. ఆయన్ని చూసి వెనకవాళ్లూ నవ్వారు.

నేను నీళ్లు తాగి, మళ్లీ మొదలుపెట్టాను.

ఆ ఇరవై నిమిషాలు చేసినంత బాగా నేను ముందెప్పుడూ చేయలేదు. ముందుగా రాసుకున్నది ఒక్క ముక్క లేదు. అన్నీ అప్పటికప్పుడు వచ్చాయి. ఆపరేటర్లు, హెల్పర్లు, స్వీపర్లు, అందరినీ పేరుపేరునా పిలిచి వాళ్ల నడక, వాళ్ల గొంతు వాళ్లకే చూపించాను. కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వారు. చివర్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. సూర్యకళ గారు దాన్ని తెలుగులో చదివారు. సగంలో ఆగి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కవర్లు బిర్యానీ కౌంటర్ల పక్కన బల్ల మీద అక్షరాల వరసలో పేర్చి పెట్టారు. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు, ఒకరిద్దరు బోనస్ అనుకుని ముందుకు తోసుకున్నారు కూడా. ఎవరో ఒకడు ఫోన్ చెవిన పెట్టుకుని "గేటు!" అని అరిచాడు. బయటికి పరిగెత్తితే బస్సులు లేవు. ఆటోలెక్కి, బండ్ల మీద ముగ్గురేసి కూర్చుని, దొరకనివాళ్లు ఆ ఎండలో నడిచి నాచారం పోయారు. గేటుకు కొత్త గొలుసులు, కొత్త తాళాలు. లోపల కొత్త సెక్యూరిటీవాళ్లు. పక్కన పోలీసు వ్యాను.

నేను వెళ్లలేదు. డైరెక్టరు నా చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపుతున్నాడు అప్పుడు.

ఇంటికొచ్చేసరికి ఉమ గుమ్మంలో నిలబడి ఉంది. అక్క ఫోన్ చేసిందట, ఏడ్చిందట, ఎవరికీ ముందు తెలియదే అని మొత్తుకుందట. ఉమ నన్నేమీ తిట్టలేదు. కోటు విప్పి ఇస్తే తీసుకుని మేకుకు తగిలించింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను ఏ విషయమూ రెండోసారి అడగదు. మొదటిసారి కూడా చాలావరకు అడగదు.

గేటు ముందు టెంటు వేశారు. మే నెల ఎండ. ఎలక్షన్లు అప్పుడే అయిపోయాయి గనక ఏ పార్టీవాళ్లకూ అటు రావాల్సిన పని లేదు. వారం రోజులు ఇంట్లోనే దాక్కుని, ఎనిమిదో రోజు వెళ్లాను. నన్ను చూడగానే శివ లేచి వచ్చాడు. ప్యాకింగ్‌లో నా పక్కన పనిచేసినవాడే. చొక్కా పట్టుకున్నాడు.

"నీకు ముందుగాలనే ఎరుకనా లేదా, చెప్పు. ఇరవై నిమిషాలు ఎక్కువ ఎందుకు జేసినవు? మమ్మల్ని ఆడ కూసోవెట్టి ఈడ తాళం ఏస్తుంటె నువ్వు మా నడకలు జేసి సూపెడుతున్నవారా?"

టెంట్లో అందరూ లేచారు. బావ జనంలోంచి వచ్చి శివ చేయి విడిపించాడు.

"వాడు నా బామ్మర్ది. వానికి ఎరుకుంటే నాకు జెప్పకుండ ఉంటడా? నేను గూడ పోయిన గద కొలువు నుంచి. ఇడువు."

శివ వదిలేశాడు. ఒకతను జరిగి నాకు చాపలో చోటు కూడా ఇచ్చాడు.

కాసేపటికి బావ టీ తాగుదామని నన్ను రోడ్డు అవతలికి తీసుకుపోయాడు. టీ బండి దాటినా ఆగలేదు. ఒక కంపెనీ ప్రహరీ నీడలో నిలబడ్డాడు. ఆయన గడ్డం నెరిసిపోయి ఉందని అప్పుడే చూశాను.

"చీటిల ఏం రాసి ఉండె?"

చెప్పాను.

"అంతకు ముందు?"

"కవర్ల సంగతి ఎరుకే బావా. తాళాల సంగతి ఎరుక లేకుండె."

ఆయన తల ఊపాడు. రోడ్డు మీద పోయే లారీలను చూశాడు.

"ఆదివారం అందుకే వచ్చినవా ఇంటికి?"

"ఆఁ."

"ఇస్త్రీ జేసుకుంట నేనే మస్తు మాట్లాడిన. నీకు సందియ్యలే."

"బావా..."

"స్టేజి మీద చీటి సదివి నువ్వు తెల్లబోయినవు. మాటలు మర్శిపోయినవేమో, పెద్ద సారు ముంగట పరువు పోతదేమో అనుకోని నవ్విన." జేబులోంచి బీడీ తీశాడు. "నాకు ముందుగాల ఎరుకైతే బాయిలర్ సల్లార్పకపోదును. బాయిలర్ మండుతుంటే గేటుకు తాళం ఎయ్యరాదురా. లోపట మనిషుండాలె. గప్పుడు కంపెనీవోళ్లు కూసోని మాట్లాడుతుండిరి మాతోని."

ఆయన కోపంగా అనలేదు. యంత్రం ఎలా పనిచేస్తుందో కొత్త హెల్పరుకు చెప్పినట్టు చెప్పాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. రెక్క పట్టుకుని లేపాడు.

"లే. ఎవలన్న సూస్తరు. మీ అక్కకు మాత్రం జెప్పకు. దానికి నువ్వొక్కనివే ఉన్నవు."

ఇరవయ్యారు రోజులకు టెంటు తీసేశారు. ఏదో ఒప్పందం అన్నారు. వర్కర్ల టిఫిన్ డబ్బాలను ఒక గోనెసంచిలో వేసి గేటు బయట పెట్టారు. నలభై ఎనిమిదేళ్ల బాయిలర్ ఆపరేటరు ఎవరికీ అక్కర్లేదు. అప్పటికి నాచారంలో ఇంకో నాలుగు కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయి. చివరికి కీసర అవతల ఒక కోళ్ల ఫారంలో కాపలా పని దొరికింది. ఉండటానికి గది ఇస్తామన్నారు. అక్క కూడా గుడ్లు ఏరాలి.

జూన్ రెండో వారంలో, తొలి వానలు పడ్డాక ఒక పొద్దున వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. నేనూ ఉమా వెళ్లాం. ట్రాలీ ఆటో సందులోకి రాలేదు, అన్నీ మోసుకుని రోడ్డు దాకా తేవాలి. ఉమ, అక్క గిన్నెలు సర్దుతున్నారు. బీరువాను బావ ఒక వైపు, నేను ఒక వైపు ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చేసరికి నా జేబులో ఫోన్ మోగింది.

"దించు," అన్నాడు బావ. "ఎత్తు. పని ఫోనేమో."

బీరువా బురదలో దించాం. అవతలి గొంతు కొత్తది, మగ గొంతు. గ్రూపు హెడ్డాఫీసు నుంచి అన్నాడు. సూర్యకళ గారు ఇప్పుడు కంపెనీలో లేరన్నాడు, ఆవిడ పోస్టు కూడా తీసేశారట. డైరెక్టరు గారు నన్ను బాగా గుర్తు పెట్టుకున్నారట. పటాన్‌చెరు ప్లాంటులో ఒక ప్రోగ్రాం ఉంది, నాచారంలో చేసినట్టే చేయాలి, ఈసారి కొంచెం ఎక్కువసేపు. కుదురుతుందా అని అడిగాడు.

వాకిట్లో ఉమ గిన్నెల సంచి పట్టుకుని ఆగిపోయింది. బావ బీరువా మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. కుదరదు అనడానికి ఎంతసేపు కావాలి? అంతసేపూ నేను ఊరకే నిలబడ్డాను.

"ఏ తారీఖు సార్?" అన్నాను.

ఉమ సంచి తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయింది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"ప్రోగ్రామా?" అన్నాడు బావ.

"ఆఁ. ఇరవై రెండుకు."

"ఎంతమంది ఉంటరు?"

"రెండు వందలు అన్నడు."

బావ వంగి, రెండు చేతులూ బీరువా కిందికి పోనిచ్చాడు.

"పట్టు," అన్నాడు. "వాన వచ్చేటట్టుంది."